గోడని దించుకోవడం

బ్రౌజరులో అడ్రసు కొట్టే గడికి కుడిపక్కన చిన్నచిన్న బొమ్మలు కొన్ని వరసగా ఉంటాయి. నా దాంట్లో ఒకదాన్ని నొక్కితే ఎదురుగా ఉన్న పేజీ ఉన్నదున్నట్టుగా ఒక ఫైలై కంప్యూటరులోకి వచ్చి కూర్చుంటుంది. ఎక్స్‌టెన్షన్ అంటారు. పెట్టుకునేటప్పుడు ఒక హెచ్చరిక చూపిస్తుంది: మీరు వెళ్లే ప్రతి సైటులోనూ మీ సమాచారాన్ని ఇది చదవగలదు, మార్చగలదు, సమ్మతమేనా అని. చదవడం సరే, మార్చడమెందుకో అని ఒక క్షణం తటపటాయించి, లోకంలో అందరిలాగే నేనూ సమ్మతించాను.

ఆ తటపటాయింపు ఉత్తినే వచ్చింది కాదు. క్రోమ్‌లో 'ది గ్రేట్ సస్పెండర్' అని బాగా పేరున్న ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉండేది. తెరిచి వదిలేసిన ట్యాబుల్ని నిద్రపుచ్చడం దాని పని. 2020లో అది చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో, అందులో హానికరమైన కోడ్ ఉందంటూ గూగుల్ దాన్ని ఆపేసింది. జనం ఒప్పుకున్నది ఒకరికి, ఆ ఒప్పుదల చేజిక్కింది ఇంకొకరికి. అప్పటినుంచీ ఎవరు రాశారో, కోడ్ బయటికి కనిపించేలా పెట్టారో లేదో చూసుకోకుండా నేను దేన్నీ బ్రౌజరులోకి రానివ్వను. నేను వాడేది సింగిల్‌ఫైల్. గిల్డాస్ లోర్మో అనే ప్రోగ్రామరు రాశాడు, కోడ్ అందరికీ కనిపిస్తుంది.

అది చేసే పని వింటే సులువుగానే ఉంటుంది. పేజీలోని మాటలు, రంగులు, బొమ్మలు అన్నీ కలిపి ఒకే హెచ్‌టీఎమ్ఎల్ ఫైలులో కుక్కుతుంది. బొమ్మని విడిగా పెట్టడానికి చోటు లేదు కాబట్టి దాన్ని కూడా అక్షరాలుగా మార్చేస్తుంది. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి, అంచేత బొమ్మ మూడోవంతు బరువెక్కుతుంది. ఒకసారి కుతూహలం కొద్దీ అలాంటి ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. పేజీల కొద్దీ తలాతోకా లేని అక్షరాలు. అవన్నీ కలిస్తే కాలవగట్టు మీద నిలబడ్డ మా మేష్టారు.

దీని అవసరం నాకు ఆయన వల్లే వచ్చింది. హైస్కూల్లో మాకు తెలుగు చెప్పారు. గణాలు వెయ్యడం రానివాణ్ణి బెంచీ ఎక్కించి, ఎక్కినవాడి చేతే ఉత్పలమాల చెప్పించి దింపిన మనిషి. రిటైరయ్యాక అమ్మాయి కొనిచ్చిన ఫోనులో తెలుగు టైపు చెయ్యడం నేర్చుకుని, ఆదివారం ఆదివారం కొమ్మమూరు కాలువ గురించి తన గోడ మీద, అంటే సైటులో తన పేజీ మీద, ఒక పోస్టు రాసేవారు. ఏ సైటులోనో చెప్పక్కర్లేదు, మీరూ అక్కడే ఉంటారు.

దుగ్గిరాల లాకుల నుంచి పెదగంజాం దాకా పోయి బకింగ్‌హాం కాలువలో కలిసే ఆ నీటిదారి మీద ఒకప్పుడు పడవలు నడిచేవి. ధాన్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు, పెళ్లివారు. గాలి పడిపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగిన మనుషుల గురించి రాసేవారాయన. లాకు తలుపులు తీసేదాకా కాలక్షేపానికి మొదలుపెట్టిన పేకాట తలుపులు తీశాక కూడా ఆగక, వెనక పడవలవాళ్లు పెట్టిన శాపనార్థాల గురించి రాసేవారు. "ఇవన్నీ పుస్తకం వేద్దాం మేష్టారూ" అంటే, "పుస్తకానికి కొనేవాడు కావాలి నాయనా. దీనికి పలకరించేవాడు చాలు" అనేవారు.

ఆయన పోయాక ఆయన అమ్మాయి ఫోను చేసింది. "అన్నయ్యా, నాన్న రాసినవన్నీ ఎలాగోలా దించిపెట్టు. అవి ఎప్పుడు పోతాయో చెప్పలేమంటున్నారు మావాళ్లు." పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. చాలా సైట్లలో 'మీ సమాచారం దించుకోండి' అని ఒక సదుపాయం ఉంటుంది గానీ, దానికి ఖాతాలోకి వెళ్లాలి. మన తదనంతరం ఖాతా ఎవరు చూడాలో ముందే చెప్పే ఏర్పాటు కూడా ఉంది, ఫేస్‌బుక్ దాన్ని 2015లోనే తెచ్చింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 14వ సెక్షన్‌లో నామినీని పెట్టుకునే హక్కు రాశారు. మేష్టారు పోస్టాఫీసు పొదుపు ఖాతాకి, బ్యాంకులో డిపాజిట్లకి, ఆఖరికి గ్యాసు కనెక్షనుకి కూడా నామినీ ఎవరో అమ్మాయికి కాగితం మీద రాసి చూపించారు. కొమ్మమూరు కాలువకి ఎవర్నీ రాయలేదు. రాయాలని ఆయనకి ఎవరు చెప్పారు కనక?

ఇక మిగిలిన దారి ఒకటే. నా ఖాతాలోంచి నాకు కనిపించేవి దించడం.

పేజీని కిందికి జరుపుకుంటూ ఆయన మొట్టమొదటి పోస్టు దాకా పోయి అక్కడ బొమ్మ నొక్కితే పనైపోతుందనుకుంటారు ఎవరైనా. కాదు. ఈ సైట్ల పేజీలు పంక్తిభోజనాల లాంటివి. ముందు వరసలో విస్తళ్లు వేస్తూ ఉండగానే వెనక వరసలో తిన్నవాటిని ఎత్తేస్తుంటారు. మనం కిందికి జరిగే కొద్దీ కొత్త పోస్టులు వస్తుంటాయి, కంటికి దూరమైనవాటిని బ్రౌజరు మీద భారం పడకుండా పేజీలోంచే తీసేస్తుంటారు. చివరికి చేరి బొమ్మ నొక్కితే ఆ చివరి నాలుగు విస్తళ్లే దొరుకుతాయి. దీనికి విరుగుడు, పోస్టు కింద ఉండే తేదీని నొక్కి, ఆ ఒక్క పోస్టునీ దాని సొంత లింకులో విడిగా తెరిచి దించడం. అదీ అలా ఊరికే దించకూడదు. పెద్ద పోస్టయితే 'ఇంకా చూడండి' నొక్కాలి. వ్యాఖ్యలు నాలుగైదు చూపించి మిగతావి దాచిపెడతారు కాబట్టి వాటిని విప్పాలి, వాటి కింది జవాబుల్ని విప్పాలి. నొక్కనిది పేజీలోకి రాదు, పేజీలోకి రానిది ఫైలులోకి రాదు.

ఇంకో రకం ఎక్స్‌టెన్షన్ ఉంది, ఆర్కైవ్‌వెబ్.పేజ్ అని, వెబ్‌రికార్డర్ వాళ్లది. అది పేజీని ఫొటో తీసినట్టు కాకుండా, మనం తిరుగుతున్నంతసేపూ బ్రౌజరుకి వచ్చే ప్రతి ముక్కనీ రికార్డు చేసుకుంటూ పోతుంది. తర్వాత తెరిస్తే ఆ పేజీ మళ్లీ బతికున్నట్టే కదులుతుంది. అది వాడే పద్ధతికి మూలం వార్క్ అనే ఫైలు రూపం. 2009లో దానికి ఐఎస్ఓ ప్రమాణం వచ్చింది, ఇంటర్నెట్ ఆర్కైవ్ తన సేకరణని దాచుకునేదీ అందులోనే. నేను రెండూ వాడాను. చదువుకోవడానికి మొదటిది, సాక్ష్యానికి రెండోది. సాక్ష్యమంటే కోర్టు ఉద్దేశం నాకు లేదు. ఉన్నవాళ్లు మాత్రం స్క్రీన్‌షాట్ ఒక్కటి పట్టుకుని బయల్దేరకూడదని తెలుసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు వెంట సర్టిఫికెట్ ఉండాలి, ఆ సర్టిఫికెట్‌లో ఫైలు తాలూకు హాష్ విలువ రాయాలి. ఒక్క చుక్క మారినా ఆ విలువ మారిపోతుంది.

మొదట్లో నా ఆలోచన మేష్టారు రాసినవి దించితే చాలునని. వ్యాఖ్యల సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాను, కొన్ని పోస్టులు చదివేసరికి ఆ ఆలోచన నిలవలేదు. ఆయన రాసింది సగమే. పొన్నూరు వైపు నుంచి ఒకాయన లాకు సూపర్‌వైజరు ఎవరో సరిచేశాడు. డాలస్‌లో ఉంటున్న ఒకావిడ, వాళ్ల నాయనమ్మ కాపురానికి వెళ్లింది పడవలోనేననీ, దిగేటప్పుడు మట్టెల వేలు పలకకి తగిలి నెత్తురొస్తే అపశకునమని పడవని వెనక్కి తిప్పమన్నారనీ, సరంగు ఒప్పుకోలేదనీ రాసింది. దాని కింద ఒకతను, "ఆ సరంగు మా తాత అయ్యుంటాడండీ, ఆయన దేనికీ ఒప్పుకునేవాడు కాదు" అన్నాడు. మేష్టారు పోస్టు రాసేది ఉదయం. రాత్రయ్యేసరికి కాలవకి రెండు గట్ల మీదా ఉన్న ఊళ్లన్నీ వచ్చి చేరేవి.

అందులోనే చిల్లులు కనిపించాయి. ఖాతాలు మూసుకుని వెళ్లిపోయినవాళ్లున్నారు. వాళ్లతోపాటే వాళ్ల వ్యాఖ్యలూ పోయాయి. మామూలుగా అయితే ఆ వ్యాఖ్యల కింద ఉన్న జవాబులూ పోయేవి. మేష్టారికి 'జవాబివ్వండి' అన్నచోట నొక్కడం చివరిదాకా అలవాటు కాలేదు. అందరికీ కలిపి కింద విడిగా రాసేవారు. ఆ అలవాటులేనితనం పుణ్యమా అని ఆయన జవాబులు మిగిలిపోయాయి. "నిజమేనమ్మా, ఆ వంతెన సంగతి నేను మర్చేపోయాను." ఏ వంతెన? ఏ అమ్మ? "మీ మామగారు అలా అని ఉండరండీ, ఆయన నాకు బాగా తెలుసు." ఏమని ఉండరు? "హహ, అది మాత్రం ఇక్కడ రాయకండి." ఇది చదివి నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఆయన నవ్విన కారణం ఇప్పుడు ఏ సర్వరులోనూ లేదు, ఉన్నా నాకు దొరకదు.

ఇదేదో మా మేష్టారికే జరిగింది కాదు. అమెరికాలో ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో ఒక అధ్యయనం వెలువరించింది. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోలేదు. ట్వీట్లయితే పెట్టిన కొన్ని నెలలకే దాదాపు ఐదింటిలో ఒకటి కనిపించకుండా పోయింది. అలా పోయినవాటిలో ఎక్కువభాగం ఆ ట్వీటు ఒక్కదాన్నే చెరిపినవి కావు, ఖాతాయే మూతపడ్డవో, పరదా వేసుకున్నవో. మనుషులు లేచి వెళ్లిపోతే మాటలు వాళ్ల వెంట పోయాయన్నమాట. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అంతటిది, 2006 నాటి మొదటి ట్వీటు మొదలుకుని బహిరంగంగా ఉన్నవన్నీ దాస్తానని 2010లో ప్రకటించింది. 2017 ముగిసేసరికి చేతులెత్తేసి, ఇకమీద ఏరుకున్నవి మాత్రమే దాస్తానంది. ప్రభుత్వం డబ్బు, అంత పెద్ద భవనం, అంతమంది లైబ్రేరియన్లు ఉన్నచోటే అలా జరిగింది.

తెలుగువాళ్ల లెక్క తీస్తే ఇంకా బాధగా ఉంటుంది. 'రచ్చబండ' పేరుతో యాహూ గ్రూపొకటి నడిచేది. ఛందస్సు మీద, కథల మీద అమెరికాలో ఉన్న ఇంజనీర్లు, ప్రొఫెసర్లు రాత్రుళ్లు మేలుకుని వాదించుకునేవారు. యాహూ 2019 చివర్లో గ్రూపుల్లోని పాత ఉత్తరాల్ని తీసెయ్యడం మొదలుపెట్టింది, 2020 డిసెంబరు 15న గ్రూపుల దుకాణమే కట్టేసింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న పోయింది. అందులో నా తరంవాళ్లు ఒకళ్ల గురించి ఒకళ్లు రాసుకున్న టెస్టిమోనియల్స్ గుర్తొస్తే, అవి పోవడం దేవుడి దయే అనిపిస్తుంది గానీ, అది నా ఒక్కడి అభిప్రాయం. 2020 జూన్ 29న ప్రభుత్వం 59 యాప్‌లని నిషేధించడంతో టిక్‌టాక్ వెళ్లిపోయింది. పొలం గట్ల మీద, ట్రాక్టరు ట్రాలీల్లో, రేకుల షెడ్ల ముందు ఆడి పాడి నవ్వించిన మనుషులు, వాళ్లలో సినిమా అవకాశం కోసం ఎవరి గుమ్మం తొక్కాలో తెలియనివాళ్లే ఎక్కువ, ఉన్నట్టుండి తమ వీడియోల్ని తామే చూసుకోలేకపోయారు. తన ఫోనులో విడిగా కాపీ ఉంచుకున్నవాడు బతికిపోయాడు.

దాచే సరంజామా అయినా శాశ్వతమా అంటే, అదీ కాదు. సోషల్ మీడియా పోస్టుల్ని ఏరి ఒక కథనంగా కూర్చిపెట్టే స్టోరిఫై అనే సేవ ఉండేది. విలేకరులు దాన్ని తెగ వాడేవారు. 2018 మే 16న అది మూతపడింది. పాకెట్ సంగతి మరీ విచిత్రం. 2007లో 'తర్వాత చదువుకుందాం' అనే అర్థం వచ్చే పేరుతో ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్‌గా పుట్టి, పెద్దదై, చివరికి ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా చేతికే వచ్చి, 2025 జూలై 8న ఆగిపోయింది. తర్వాత చదువుదామని దాచుకున్నవాళ్లందరికీ ఆ తర్వాత వచ్చేసిందని కబురందింది. అందుకే నేను దించినవి ఎవరి సేవలోనూ పెట్టను. ఫైళ్లు, ఫోల్డర్లు, ఒక హార్డ్ డిస్కు ఇక్కడ, ఇంకోటి మా తమ్ముడింట్లో. ఇందులో తెలివేమీ లేదు, మొండితనమే.

ఫైలు భద్రంగా ఉండీ చదవలేని పరిస్థితి ఒకటుంది, అది తెలుగువాళ్లకి బాగా తెలిసుండాలి. యూనికోడ్ అంతటా రాకముందు మన పత్రికల సైట్లు ఒక్కొక్కటీ తన సొంత ఫాంటు పెట్టుకునేది. ఇంగ్లీషు అక్షరాలుండాల్సిన గళ్లలో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు ఉంటేనే తెలుగు, లేకపోతే చీమల బారు. అప్పుడు వెన్న నాగార్జున 'పద్మ' అని ఫైర్‌ఫాక్స్‌కి ఎక్స్‌టెన్షన్ రాశారు. దాన్ని పెట్టుకుంటే ఈనాడు లాంటి సైట్లు అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మారి కనిపించేవి. తెలుగు పేజీని తెలుగువాడు చదవడానికి ఒక ఎక్స్‌టెన్షన్ కావలసి వచ్చిన రోజులవి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రావడంతో పాతరకం ఎక్స్‌టెన్షన్లన్నిటికీ కాలం చెల్లింది. ఆ రోజుల్లో శ్రద్ధగా పేజీలు దాచుకున్నవాళ్ల దగ్గర ఇప్పటికీ చీమల బార్లు ఉన్నాయి, నా దగ్గరా ఒక సీడీ ఉంది. యూనికోడ్ వచ్చాక ఈ బెడద పూర్తిగా పోయిందనుకోనక్కర్లేదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటీ మూడు బైట్లు తింటుంది. ఆ మూటని విప్పేవాడు మూడూ కలిపి ఒకటని గుర్తించకపోతే, మూడూ మూడు యూరపు అక్షరాలై తెర మీద వాలతాయి. ఖాతాదారుకి సైట్లు ఇచ్చే జేసన్ ఫైళ్లలో ఇలాంటివి దొర్లడం కొత్తేం కాదు. దించగానే ఒక్కసారి తెరిచి చదివి చూడటం అందుకే.

సింగిల్‌ఫైల్ దించిన ప్రతి ఫైలు తలమీదా, చదివేవాడికి కనిపించకుండా, రెండు సంగతులు రాసి ఉంటాయి. ఈ పేజీ ఏ చిరునామా నుంచి వచ్చిందో, ఏ రోజు ఏ క్షణాన దించారో. మొదటిసారి అది చూసినప్పుడు నాకు తాటాకు ప్రతులు రాసిన లేఖకులు గుర్తొచ్చారు. ప్రతి పూర్తయ్యాక చివర వాళ్లు సంవత్సరం పేరు, తిథి, వారం, తమ పేరు, ఎవరి కోసం రాశారో చెప్పుకునేవారు. కొందరు ఇంకొంచెం ముందుకెళ్లి, నేను చూసినదాన్ని చూసినట్టు రాశాను, తప్పులుంటే నన్ననకండి, నడుము వంగి మెడ పట్టేసి రాశాను, దీన్ని జాగ్రత్తగా చూసుకోండి అని వేడుకునేవారు. మెడ పట్టెయ్యడం దగ్గర నాకూ వాళ్లకీ తేడా లేదు.

ఇలాంటి ప్రతుల్నే పోగుచేసిన బ్రౌను దొర కడపలో బంగళా కొని, పండితుల్ని జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఊరూరి నుంచీ తెప్పించిన ప్రతుల్ని పక్కపక్కన పెట్టి సరిచూపించాడు. 1829లో ఆయన అచ్చేసిన వేమన పద్యాలు 693. పదేళ్లకి, 1839లో వేసినప్పుడు అవి 1164 అయ్యాయి. మధ్యలో వేమన లేచొచ్చి కొత్తవేం చెప్పలేదు. ప్రతులు పెరిగాయి. ఒక ఊరి ప్రతిలో ఉన్నది ఇంకో ఊరి ప్రతిలో లేదు. ఏ ఒక్క ప్రతీ వేమన కాదు, ఒక్కోటీ ఒక ఊరు విన్న వేమన.

నా దగ్గరున్నదీ మేష్టారి గోడ కాదని అప్పటికి నాకు బోధపడింది. అది నాకు కనిపించిన గోడ. ఎక్స్‌టెన్షన్‌కి సొంత కళ్లు లేవు, నా లాగిన్‌తోనే చూస్తుంది. నేను ఆయన స్నేహితుల జాబితాలో ఉన్నాను కాబట్టి స్నేహితులకి మాత్రమే పెట్టిన పోస్టులు నాకొచ్చాయి. నన్ను బ్లాక్ చేసినవాళ్లు అక్కడ రాసింది నాకు రాదు. అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, కారణాలు రాజకీయం. వ్యాఖ్యల్ని సైటు తనకి తోచిన వరసలో 'ముఖ్యమైనవి' అంటూ చూపిస్తుంది. 'అన్ని వ్యాఖ్యలూ' అని మార్చకపోతే కొందరు గడప దాటి లోపలికే రారు. ఈ అనుమానంతోనే మేష్టారి అల్లుడుగారిని కూడా తన ఖాతాలోంచి కొన్ని పోస్టులు దించమన్నాను. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూస్తే, నా దాంట్లో లేని వ్యాఖ్యలు ఆయన దాంట్లో ఉన్నాయి, ఆయన దాంట్లో లేనివి నా దాంట్లో ఉన్నాయి. అల్లుడుగారు దగ్గరి మనిషి కాబట్టి ఎక్కువ కనిపించాలి కదా అంటే అదీ లేదు. మామగారు ఆయనకి చూపించకుండా పెట్టినవి కూడా నా ప్రతిలో బయటపడ్డాయి. అవేమిటో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

అక్కణ్ణుంచి ప్రతి ఫోల్డరులో ఒక చిన్న చీటీ రాసి పెట్టడం మొదలుపెట్టాను. ఎవరి ఖాతాలోంచి చూశాం, ఏ రోజుల్లో, వ్యాఖ్యలు ఏ వరసలో పెట్టి, ఏవి విప్పలేదు, ఎక్కడ జవాబు ఉండి ప్రశ్న లేదు. ఎక్స్‌టెన్షన్ దానంతటది రాసేది చిరునామా, సమయం మాత్రమే. మిగతాది మనిషి రాయాలి. దీన్ని చాదస్తమనే మిత్రులున్నారు. సింగిల్‌ఫైల్ నొక్కితే అయిపోయేదానికి ఇదంతా ఏమిటంటారు. నేననేది, ఈ చీటీ లేని ఫైలు రేపు ఎవరైనా తెరిస్తే 'మేష్టారి పోస్టుకి వచ్చిన స్పందన ఇంతే' అని నమ్మేస్తారు. అది అబద్ధం. సగం దాచడం కంటే ఆ సగాన్ని మొత్తమని నమ్మించడం ఎక్కువ హాని చేస్తుంది.

చెరిపేసేవాళ్ల హక్కు సంగతి ఇంకా చిక్కు. నేను మొదట దించినప్పుడు ఒక పోస్టు కింద ఉన్న వ్యాఖ్య, సరిచూసుకోవడానికి మళ్లీ వెళ్లేసరికి లేదు. రాసిందొక పెద్దావిడ. ఒక లాకు ఊళ్లో వాళ్ల నాన్నకి ఇంకో సంసారం ఉండేదనీ, తాను పెద్దయ్యాక ఒంటరిగా పడవెక్కి వెళ్లి ఆవిణ్ణి చూసి, ఆవిడ పెట్టిన అన్నం తిని వచ్చాననీ, ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదనీ. మొత్తం గోడ మీద అంత మంచి తెలుగు ఇంకోటి లేదు, మేష్టారిది కలుపుకుని. ఆవిడ దాన్ని తీసేసింది. నా డిస్కులో ఉంది.

చట్టం దృష్టిలో నన్నెవరూ ఏమీ అనరు. సొంతానికి, ఇంటి అవసరాలకి వాడుకునేదాన్ని 2023 చట్టం పరిధిలోంచి తప్పించారు. సాహిత్యం తెలిసిన మిత్రుడొకడు, అది చెరిపితే చరిత్ర క్షమించదన్నాడు. శాసనం చెక్కించినవాడికి అది శాసనమని తెలుసు. ఈవిడ ఒక ఆదివారం రాత్రి మేష్టారితో మాట్లాడింది, అంతే. పాత ఫైలు తీసేశాను. రికార్డింగు ఫైలులోంచి ఒక్క వ్యాఖ్యని కత్తిరిస్తే దాని హాష్‌లు కుదరవు కాబట్టి ఆ పోస్టుని మొత్తం మళ్లీ రికార్డు చేశాను. ఫోల్డరులోని చీటీలో మాత్రం 'ఇక్కడ ఒక వ్యాఖ్య ఉండేది, రాసినవారు తీసేశారు' అని ఒక వాక్యం పెట్టాను. ఇదే దయ అధికారంలో ఉన్నవాళ్లకి చూపించమంటే చూపించను. రాజకీయ నాయకులు చెరిపేసిన ట్వీట్లని పట్టి చూపించే పొలిట్‌వూప్స్‌కి ట్విటర్ 2015లో దారి మూసేసి, ఆ ఏడాది చివర్లో మళ్లీ ఒప్పుకుంది. అలా ఒప్పుకోవడమే సబబు. పదవిలో కూర్చుని అన్నమాట జనానిది. పడవెక్కి వెళ్లి అన్నం తినొచ్చిన మాట ఆవిడది.

అంతా అయ్యాక డిస్కు పట్టుకెళ్లి మేష్టారి అమ్మాయికిచ్చి, ఎలా తెరవాలో చూపించాను. ఇంటర్నెట్ తీసేసి కూడా తెరిచి చూపించాను, నమ్మకం కోసం. ఆ అమ్మాయి సరంగు తాత దగ్గర నవ్వింది. వంతెన దగ్గర ఆగి, "ఇది ఏ వంతెనో నాకు తెలుసన్నయ్యా" అంది. అని, కింద వ్యాఖ్య రాసే గడిలో వేలు పెట్టి నొక్కింది. గడి కనిపిస్తోంది గానీ కర్సరు రాలేదు.

"ఇందులో రాయడానికి రాదమ్మా. అప్పటిదాకా ఉన్నదే ఉంటుంది."

"మరి నాన్న గోడ మీద రాయకపోతే ఎలా?" అని కాసేపు ఆలోచించింది. "పుస్తకంలా వేయించుకోవచ్చా? ఎడమవైపు నాన్నవీ, వీళ్లందరివీ. కుడివైపు ఖాళీగా వదిలెయ్. మా పిన్ని తెనాల్లో ఉంది, ఆవిడకి ఫోనూ లేదు, సైటూ లేదు. పెన్ను మాత్రం ఉంది. అత్తయ్యలిద్దరికీ తలో కాపీ ఇస్తాను."

తెనాలిలో తెలిసిన ప్రెస్సతనికి ఫోను చేస్తే, పేజీలెన్నో అడిగాడు. చెప్పాను. సగం తెల్లకాగితాలేనన్నాను, కాస్త తగ్గిస్తాడేమోనని. వాటికీ అదే రేటన్నాడు. పైగా పెన్నుతో రాస్తే ఇంకు పాకని కాగితం కావాలి కాబట్టి ఇంకాస్త ఎక్కువేనన్నాడు. సరేనన్నాం.